లోపల ఏముందో తేలాకే పైన రంగు

లారీకి రంగు వేయమని వచ్చినవాణ్ణి నేను ముందు అడిగేది రంగు గురించి కాదు, లోడు గురించి. శనక్కాయ మూటలు తోలే బండా, ఇసుక తోలే బండా, బెంగళూరు మార్కెట్టుకు టమోటా తోలే బండా? అది తెలిస్తే రంగు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నెలకే గీసుకుపోతుందో తెలిసిపోతుంది. అనంతపురం పక్కన రాప్తాడులో హైవే పక్కన షెడ్డు వేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక లారీలే దిక్కయినాయి. అందుకే హైస్కూలు హెడ్మాస్టరు సారు వచ్చి, పిల్లలకు చూపించడానికి పాతకాలం పంకాల విమానం నమూనా ఒకటి చేసి రంగు వేసియ్యమంటే కాదనలేదు. అలవాటు కొద్దీ "లోడేంది సార్?" అన్నాను.

"విమానానికి లోడేందప్పా, మనుషులే కదా!" అన్నాడాయన.

ఆయన అడిగింది డకోటా. అది మోయనిదంటూ లేదు. మనుషులు, పడకలు, సిపాయిలు, జీపులు, ఉత్తరాల సంచులు, అన్నీ మోసింది. ఏది మోసే డకోటా అన్నది తేల్చకుండా బ్రష్షు ముట్టుకుంటే అది బొమ్మ అవుతుంది కానీ విమానం కాదు. ఈ మాట సారుకు ఎక్కించడానికి నాకు చాలా టీలు ఖర్చయినాయి.

డకోటా అనేది బ్రిటిష్ సైన్యం పెట్టిన పేరు. అమెరికాలో దాన్ని తయారుచేసిన డగ్లస్ కంపెనీ పెట్టిన పేరు డీసీ-3. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 29 మీటర్లు. రెండు ఇంజన్లు, ఒక్కోదానికి మూడు రెక్కల పంకా. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్నది. అందుకే నేల మీద ఉన్నంతసేపు ముక్కు పైకెత్తి, తోక కిందికి దించి ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కినవాళ్ళు తమ సీటు దాకా మిట్ట ఎక్కినట్టు నడవాల్సిందే. ఎగిరే ఎత్తు మామూలుగా మూడు కిలోమీటర్ల లోపే. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి ఇంకా పైకి పోతే ఎక్కినవాళ్ళకు ఊపిరి ఆడదు.

ఈ విమానం పుట్టుకే లోపలి అమరిక గురించిన తగువులోంచి వచ్చింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళకు రాత్రి ప్రయాణాల్లో జనం పడుకుని పోయే విమానం కావాలి. అప్పటికి ఉన్న డీసీ-2 సన్నగా ఉంది, పడకలు పట్టవు. డగ్లస్ కంపెనీ దాని పొట్ట వెడల్పు చేసి 14 పడకల విమానం కట్టింది. పై పడకలవాళ్ళు తొంగిచూడటానికి పైన బుల్లి కిటికీలు కూడా పెట్టారు. ఆ తర్వాతే అసలు లాభం బయటపడింది. పడకలు తీసేసి కుర్చీలు వేస్తే, నడిచే దారికి ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి చొప్పున 21 మంది కూర్చోవచ్చు. ఇంజన్లు అవే, ఖర్చు కొంచెమే ఎక్కువ, టిక్కెట్లు సగం మేర పెరిగినాయి. అప్పటిదాకా ప్రభుత్వ టపా డబ్బు మీద బతికిన విమాన కంపెనీలు టిక్కెట్ల డబ్బుతోనే నిలబడగలమని ఈ విమానంతో తెలుసుకున్నాయి. తర్వాత కాలంలో అటు రెండు, ఇటు రెండు కుర్చీలు ఇరికించి 28 మందిని కూడా ఎక్కించారు. మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పౌరుల కోసం కట్టిన డీసీ-3లు ఆరు వందల పైచిలుకైతే, సైన్యం కోసం కట్టినవి పది వేలకు పైన. వాటి పేరు సీ-47. బయటి రూపం ఒకటే, లోపల వేరే లోకం. నేల గట్టిది, సామాను కట్టేయడానికి అక్కడక్కడా ఇనుప కొక్కేలు. కుర్చీలకు బదులు రెండు గోడల వెంట మడిచిపెట్టే బల్లలు. సిపాయిలు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఎడమవైపు వెనక ఏడడుగుల వెడల్పున జంట తలుపు, జీపు ఎక్కించడానికి. కిటికీ అద్దాల నడుమ గుండ్రటి చిల్లులు, అవసరమైతే తుపాకీ గొట్టం బయట పెట్టి కాల్చడానికి. ఒళ్ళంతా మట్టి కలిసిన ఆకుపచ్చ రంగు, మెరుపు లేకుండా.

మన కథ అక్కడ మొదలవుతుంది. యుద్ధం అయిపోయాక అమెరికావాళ్ళకు అక్కర్లేని డకోటాలు మన దేశంలో కుప్పలుగా మిగిలాయి. చవగ్గా అమ్మేశారు. ఆ విమానాలతో ఎక్కడికక్కడ కంపెనీలు పుట్టాయి. తెలుగు నేల మీద పుట్టింది డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టారు, మకాం బేగంపేట. మన దేశంలో విమాన కంపెనీ కొలువులో చేరిన మొదటి మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆ కంపెనీయే. మిగతా కంపెనీలు వద్దన్నాక ఆమె హైదరాబాదు వచ్చి డకోటాలు నడిపింది. 1953లో కేంద్ర ప్రభుత్వం ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. కొత్త సంస్థ చేతికి వచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలే.

అయితే సైన్యం అమ్మిన విమానాన్ని అట్లే తెచ్చి టిక్కెట్లు అమ్మలేరు కదా. దాన్ని మనుషుల బండిగా మార్చాలి. ఆ పని పెద్ద ఎత్తున జరిగింది మాకు హైవే మీద నేరుగా దక్షిణాన, బెంగళూరులో. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి పెట్టిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అది. యుద్ధకాలంలో అమెరికా సైన్యం తమ విమానాల రిపేర్లకు ఆ ఫ్యాక్టరీనే వాడుకుంది. యుద్ధం అయ్యాక అక్కడే ఆ డకోటాల పచ్చ రంగు గీకి, బల్లలు పీకి, కుర్చీలు బిగించి విమాన కంపెనీలకు ఇచ్చేవాళ్ళు. కరువు సీమ మాది. వాన లేని ఏడు మా పక్క మగవాళ్ళు బెంగళూరు బస్సెక్కడం ఇప్పటిది కాదు. మా మేనమామ అట్లా పోయి 1950ల్లో ఆ ఫ్యాక్టరీ రంగుల షెడ్డులో చేరినాడు. డకోటాలు ఓవర్‌హాలింగుకు వస్తూనే ఉండేవి. నాకు రంగు గురించి తెలిసిన సంగతుల్లో సగం ఆయన చెప్పినవే.

ఆయన మొదటి పాఠం: విమానానికి రంగు వేయడం కంటే తీయడం పెద్ద పని. రంగు కరిగించే మందు పూస్తే పాత పూత పొక్కులు పొక్కులుగా లేస్తుంది. చేతికి తగిలితే చర్మం కూడా అంతే. ఇనుప బ్రష్షుతో, ఉప్పు కాగితంతో గట్టిగా రుద్దేద్దామా అంటే కుదరదు. డకోటా ఒంటి రేకు గట్టి అల్యూమినియం మిశ్రమం. దానికి తుప్పు గుణం ఉంటుంది కాబట్టి రెండువైపులా పలచగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించి ఉంటుంది. రుద్దుడు ఎక్కువైతే ఆ పొరే పోతుంది. అద్దంలా మెరిసే పాత విమానాన్ని చూసి అందరూ ఆహా అంటారు. మా మామ మాత్రం, ఆ మెరుపు తెచ్చిన ప్రతిసారీ దాని చర్మం ఒక వెంట్రుక మందం తరిగినట్టే అనేవాడు.

రెండో పాఠం బరువు. రంగుకు బరువుంటుందని లారీవాళ్ళు పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు. నేను కూర్చుని డకోటా రెక్కలు, పొట్ట, తోక అన్నీ కలిపి చదరపు మీటర్ల లెక్క వేశాను. ఒళ్ళంతా ఒక్క పూత వేసినా సన్నపాటి మనిషి బరువు వస్తుంది. రెండో పూత వేస్తే ఆయన భార్య కూడా ఎక్కినట్టే. అది టిక్కెట్టు కొనని ప్రయాణికుడి బరువు. అందుకే ఆ రోజుల్లో చాలా కంపెనీలు పొట్టకు, రెక్కలకు రంగు వేయకుండా రేకు రేకుగానే వదిలేసి, పేరు, గీత, నంబరు మాత్రం రాయించేవి.

రంగు లేని డకోటా అంటే మొత్తం రంగు లేనిదని కాదు. రెక్కల చివర, తోక మీద తిరిగే పలకలు ఉంటాయి, విమానాన్ని పక్కకు ఒంచేవి, పైకి కిందికి తిప్పేవి. అవి రేకు కాదు, బట్ట. చట్రం మీద నూలు గుడ్డ బిగించి, దాని మీద డోపు అనే ద్రవం పూస్తే గుడ్డ ముడుచుకుని డోలు చర్మం మాదిరి బిర్రుగా అవుతుంది. పండిన అరటిపండు వాసన వేసేది ఆ షెడ్డంతా అనేవాడు మామ. ఊరికే డోపు పూసి వదిలేస్తే ఎండకు గుడ్డ చివికిపోతుంది. అందుకే పై పూతల్లో అల్యూమినియం పొడి కలుపుతారు, ఎండ గుడ్డ దాకా దిగకుండా. అంటే వెండి రంగు విమానంలో ఆ పలకల వెండి, ఒంటి వెండి ఒకటి కావు. పలకలది మందమైన బూడిద వెండి, ఒంటిది మెరిసే వెండి. చాలా నమూనాల్లో అన్నీ ఒకే వెండి డబ్బాలోంచి కొట్టేస్తారు. అది చూసిన వెంటనే నాకు కళ్ళు మండుతాయి.

ఇంకొన్ని చోట్ల రంగు తప్పదు. పైలట్ల అద్దం ముందు ముక్కు మీద మెరుపులేని నలుపు పూయాల్సిందే, లేకపోతే ఎండ రేకు మీద పడి తిరిగి కళ్ళలో కొడుతుంది. పంకా రెక్కల వెనక వైపు నలుపు కూడా అందుకే. ఆ రెక్కల కొసలకు పసుపు, తిరిగేటప్పుడు గుండ్రటి పసుపు గీతగా కనబడి దగ్గరికి పోయేవాణ్ణి హెచ్చరించడానికి. చలి దేశాల డకోటాలకు రెక్కల ముందు అంచున నల్ల రబ్బరు తొడుగు ఉంటుంది, పేరుకున్న మంచును ఉబ్బి పగలగొట్టడానికి. మనకు ఆ మంచు యాడిది?

ఇక కిటికీల వెంట పోయే గీత. జనం దాన్ని అలంకారం అనుకుంటారు. కిటికీల వరసను ఒకే పట్టీలో కలిపేస్తే చిల్లులు చిల్లులుగా కనబడవు, విమానం పొడుగ్గా, వేగంగా పోయేదిగా కనబడుతుంది. పైన ఒక రంగు, కింద రేకు ఉంటే ఆ రెండూ కలిసే అతుకును కూడా అదే దాచేస్తుంది. దాన్ని గీయడంలో తమాషా ఉంది. విమానం నేల మీద ముక్కెత్తి ఉంటుంది కాబట్టి రసమట్టం పెట్టి గీస్తే, గాల్లోకి లేచాక గీత ఏటవాలుగా కనిపిస్తుంది. కిటికీల వరసనే కొలతగా పెట్టుకుని సుద్ద రాసిన దారం లాగి కొట్టాలి. నేల మీద వంకరగా ఉన్నదే గాల్లో సరిగ్గా ఉంటుంది.

విమానం కప్పుకు వేసే తెల్ల రంగు సంగతి మా ఎండ దేశంవాళ్ళకు చెప్పాల్సిన పని లేదనుకున్నాను. కానీ సారే అడ్డుపడినాడు. మెరిసే రేకు ఎండను తిప్పికొడుతుంది కదా, మళ్ళీ తెలుపు ఎందుకని. ఇది మంచి ప్రశ్నే. మెరిసే రేకు ఎండను తిప్పికొట్టే మాట నిజం. కానీ కొంచెం కొంచెంగా ఎక్కిన వేడిని బయటికి వదలడంలో అది పరమ పిసినారి. తెల్ల రంగు ఎండను తిప్పికొడుతుంది, ఎక్కిన వేడిని కూడా ఎప్పటికప్పుడు వదిలేస్తుంది. గాల్లో ఉన్నంతసేపు చల్లగాలి తగులుతుంది కాబట్టి తేడా తెలియదు. ఏసీ లేని విమానం నడి ఎండలో నేల మీద జనం కోసం నిలబడి ఉంటే తెలుస్తుంది. యుద్ధం అయ్యాక వేడి దేశాలకు విమానాలు నడిపిన కంపెనీలు ఒక్కొక్కటే కప్పు వరకు తెలుపు వేయించుకున్నాయి. ఇక్కడ మాత్రం బరువు లెక్క పక్కన పెట్టి, ఎక్కినవాళ్ళ ప్రాణం చూసుకున్నారు.

ఇవన్నీ తెలిశాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంది. పాత విమానాన్ని బాగుచేసేవాళ్ళు దాని జీవితంలో ఏ రోజును ఎంచుకోవాలి? ఒక్కో డకోటా నలుగురైదుగురు యజమానుల చేతులు మారి ఉంటుంది. యూరప్, అమెరికాల్లో చాలామంది 1944 జూన్ నాటి నార్మండీ దాడి నలుపు తెలుపు పట్టీలు వేయించుకుంటారు. చూడటానికి బాగుంటాయి నిజమే, కానీ కొన్ని రోజుల పనిని చూపించడానికి మిగతా యాభై ఏళ్ళ చాకిరీని తుడిచేయడం నాకు నచ్చదు. మన దగ్గర రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ తుక్కుగా పోయే ఒక డకోటాను కొని, ఇంగ్లండులోని కొవెంట్రీలో బాగుచేయించి వాయుసేనకు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి వాయుసేనలో డకోటాలు నడిపినవాడు. 2018లో అది ఎగురుకుంటూ దేశాలు దాటి వచ్చింది, పరశురామ అని పేరు పెట్టారు. దాని మీద రాసిన వీపీ 905 నంబరు దాని సొంతం కాదు. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సిపాయిలను మోసుకెళ్ళిన డకోటాది. ఆ విమానం గుర్తుగా దీనికి ఆ నంబరు ఇచ్చారు. తప్పని అననుగానీ, ఆ సంగతి చూసేవాళ్ళకు చెప్పి తీరాలి. ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా సంగతి వేరు. కోల్‌కతా విమానాశ్రయంలో ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న వీటీ-ఏయూఐని 2023 జనవరిలో ముక్కలుగా విప్పి లారీల మీద భువనేశ్వర్ తెచ్చారు. దాని నంబరు దానిదే, దాని కథ దానిదే. నా ఓటు దానికి. లారీల మీద వచ్చిందని కూడా అనుకోండి.

మా నమూనాకు వస్తాను. 24లో ఒక వంతు కొలత, రెక్కలు నాలుగడుగులు. ప్లైవుడ్ చట్రం మీద అనంతపురం ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడి పారేసే ఆఫ్‌సెట్ ప్లేట్లు తొడిగాను. పలచటి అల్యూమినియం, గోటితో వంచొచ్చు. ఎడమవైపు కొంత కోసి వదిలేశాను, లోపల కనబడాలని. రంగు గురించి మాత్రం బడిలో రగడే జరిగింది. పసుపు గీత వేద్దామంటే ఒకరు నవ్వారు, నీలం వేద్దామంటే ఇంకొకరు నవ్వారు. మా రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగుల గొడవ 2020లో హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రాప్తాడు నడిబొడ్డున బడిలో పెట్టే విమానానికి ఏ రంగు వేసినా ఏదో ఒక పార్టీలో చేరినట్టే.

నేను ఎంచుకున్న రోజు ఏదంటే, బెంగళూరు షెడ్డులో సైన్యం బండి మనుషుల బండిగా మారుతున్న రోజు. ముక్కు దగ్గర్నుంచి రెక్కల దాకా పచ్చ రంగు గీకేసి రేకు బయటపడింది. వెనక భాగం ఇంకా పచ్చగానే ఉంది, నడుమ పొక్కులు లేచిన అంచు. లోపల ముందు సగంలో కుర్చీలు బిగించి ఉన్నాయి, ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి. వెనక సగంలో సిపాయిల బల్లలు గోడకు మడిచి ఉన్నాయి, నేల మీద కొక్కేలు అట్లే ఉన్నాయి. జీపు తలుపు పెద్దది పెద్దదే, దాని ముందు రెక్కలో మనుషులు దిగే చిన్న తలుపు. కుర్చీలు ముందే ఎందుకు బిగించావని ఒక పిల్లోడు అడిగినాడు. ఏ కుర్చీ ఎక్కడో తేలితేనే బరువు ముందుకా వెనక్కా అన్నది తేలుతుంది, సామాన్ల అర ముందు ఎంత, వెనక ఎంత అన్నది తేలుతుంది. అవన్నీ తేలాకే బయట పేరు రాసే మనిషిని పిలుస్తారని చెప్పినాను.

సారుకు మాత్రం పూర్తిగా నచ్చలేదు. "ఏమప్పా, రంగు సగం గీకి ఇస్తావా? చూసినోళ్ళు బిల్లు ఎగ్గొట్టినారు అనుకుంటారే!" అన్నాడు. కాసేపు బేరమాడుకుని కుడివైపు ఆయనకు వదిలేశాను. అటు మొత్తం రేకే, కప్పు ముందు సగానికి మాత్రం తెలుపు వేశాను. తెల్ల భాగం కింద ఒక చిల్లు, రేకు భాగం కింద ఒక చిల్లు, రెండింట్లో థర్మామీటర్లు దూరేంత. పిల్లలు ఎండలో పెట్టి, అరగంటకోసారి రెండూ చూసి రాసుకోవాలి. ఆ పనేదో ఒంటిపూట బడులు మొదలవకముందే పెట్టుకోండి సార్, పన్నెండున్నరకు పిల్లలు ఇండ్లకు పోతే అసలు ఎండకు కొలిచేవాళ్ళు ఉండరని చెప్పి, బిల్లు చేతికిచ్చి వచ్చాను.